ఇల్లు మీదే, వాడ ఎవరిది?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కిరాయికి వెతికి చూడు అని మాత్రం అనలేదు. ఆ సామెత పుట్టిన ఊళ్లో వెతుక్కునే అవసరం లేదు. బ్రాహ్మణ వీధి, కమ్మరి వాడ, మాలపల్లె, మాదిగ గూడెం, తురకల బజారు - ఎవరెక్కడ ఉండాలో ఊరే తేల్చి పెట్టింది. పట్నం వస్తే ఆ పంపకం పోతుందనుకున్నాం. చేతిలో డబ్బుంటే ఎవరి పక్కన ఎవరైనా ఉండొచ్చని చదువుకున్నవాళ్లు చెప్పారు. డబ్బుంది, ఉద్యోగముంది, అయినా ఇల్లు దొరకదని తెలుసుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం.

మేం అంటే ముస్లింలం. ఇవ్వం అని మొహం మీద చెప్పేవాళ్లు తక్కువ. మన దగ్గర నిరాకరణకు మర్యాద ఎక్కువ. కోస్తాలో "మీరేమిట్లు?" అంటారు. హైదరాబాదులో ఫోనెత్తగానే "పేరు?" అంటారు. పేరు చెప్పాక కాసేపు మాట ఉండదు. తరువాత "మా వారిని అడిగి చెబుతామండీ" అనో, "పొద్దున్నే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్లారండీ" అనో జవాబు. టు-లెట్ బోర్డు మాత్రం నెలాఖరు దాకా గేటుకు వేలాడుతూనే ఉంటుంది. తెలుగు పేర్లు పెట్టుకున్న దూదేకుల కుటుంబాలు ఈ మొదటి ప్రశ్న దాటగలుగుతాయి. రంజాను నెలలో సహరీ కోసం తెల్లవారక ముందే వంటింట్లో లైటు వెలిగిన రోజు సంగతి బయటపడుతుంది. ఆ నెలాఖరుకు ఇంటివాళ్ల అల్లుడు ఊరి నుంచి వచ్చేస్తున్నాడు, పోర్షన్ ఖాళీ చేయాలి.

ఇది మా అనుమానం మాత్రమే కాదు. ముస్లింలకు ఇల్లు కొనడం, అద్దెకు తీసుకోవడం కష్టమవుతోందని, వాళ్లు ఒకేచోట గుమిగూడి బతకాల్సి వస్తోందని సచార్ కమిటీ 2006లో నమోదు చేసింది. సుఖదేవ్ థోరట్, ఆయన సహచరులు ఢిల్లీలో, దాని చుట్టుపక్కల పట్టణాల్లో ఈ సంగతిని పరీక్షించి చూశారు. అగ్రకుల హిందువుగా, దళితుడిగా, ముస్లింగా ఇళ్లు అడిగించారు. పేరు మారగానే జవాబు మారింది. దళితులకు ఇల్లు దొరకడం కష్టమైంది, ముస్లింలకు ఇంకా కష్టమైంది. ఆ అధ్యయనం 2015లో ఎకనమిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో వచ్చింది.

ఈ మాట చెప్పినప్పుడు సెక్యులర్ మిత్రులు బాధపడతారు. సంకుచితత్వం అంటారు, చదువు పెరిగితే పోతుందంటారు. మేం అడుగుతున్నది మనస్తత్వం గురించి కాదు, హక్కు గురించి. ఇంటి మాలిక్ వాదన సూటిగానే ఉంది. "ఇల్లు నాది. నా కష్టార్జితం. ఎవరికివ్వాలో నా ఇష్టం. నీకివ్వనంత మాత్రాన నీ సొమ్ము నేను తీసుకోలేదు కదా." ఈ మాటలో తప్పెక్కడుంది? తప్పు లేకపోతే మాది బాధ మాత్రమే అవుతుంది, అన్యాయం కాదు. అందుకే ఈ వాదనను తీసిపారేయకుండా చూడాలి.

ఇందులో నిజం ఉంది. ఇల్లు బజారు సరుకు కాదు. మనిషి చెప్పులతో పాటు లోకాన్ని కూడా బయట విడిచి వచ్చే చోటు అది. గడప లోపలికి ఎవరు రావాలి, ఎవరు పక్కన కూర్చుని తినాలి అన్నది ఆ ఇంటివాళ్లే తేల్చుకోవాలి. పర్దా, జనానా తెలిసిన ఇళ్లలో పెరిగిన మాకు ఈ సంగతి ఒకరు చెప్పాల్సిన పని లేదు. గడపకు ఉన్న గౌరవాన్ని మేం మాకోసం అడుగుతాం, మీకూ ఇస్తాం.

కానీ బోర్డు వేలాడేది గడప లోపల కాదు, వీధిలో. బోర్డు పెట్టిన మనిషి దారిన పోయేవాళ్లందరినీ పిలిచాడు. తన అవసరానికి మించిన చోటును డబ్బుకు ఇవ్వజూపాడు. అది వ్యవహారం, వ్యవహారంలో అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. కిరాయి ఏ తారీఖుకు ఇస్తారు? ఇంట్లో ఎంతమంది? నీళ్లు ఎంత వాడతారు? రాత్రి పొద్దుపోయాక గొడవ ఉంటుందా? ఇవన్నీ నడవడికకు సంబంధించినవి. వీటికి కిరాయిదారు జవాబు చెప్పగలడు, మాట ఇవ్వగలడు, తప్పితే ఖాళీ చేయగలడు. పుట్టుక మీద అడిగిన ప్రశ్నకు మనిషి ఏ మాటా ఇవ్వలేడు. అక్కడ అతని నడవడి లెక్కలోకి రాదు. వందేళ్ల చరిత్రకూ నిన్నటి టీవీ వార్తకూ అతన్ని జవాబుదారీ చేసి కూర్చోబెడతారు.

"వెజిటేరియన్లకు మాత్రమే" అన్న బోర్డు సంగతీ ఇదే. మాంసం వాసన గిట్టని మనిషి తానుండే ఇంట్లో దాన్ని వద్దంటే అర్థం చేసుకోగలం. కానీ 2014 నాటి జనగణన విభాగం నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా మాంసాహారులే. అలాంటి రాష్ట్రంలో ఇన్ని శాకాహార బోర్డులు ఎవరి కోసం? ఆదివారం కోడి కూర వండుకునే కుటుంబం పైపోర్షన్లో ఉంటుంది. మా పేరు విన్నాక మాత్రం షరతు గుర్తొస్తుంది. ఆ బోర్డు వంట గురించి చెప్పడం లేదు, మనుషుల గురించి చెబుతోంది. దళితులకూ అర్థమయ్యే భాష అది.

ఇంకో సంగతి. మాలిక్ అద్దెకిచ్చేది నాలుగు గోడలు మాత్రమేనా? అవే గోడలు జహీరాబాదు దాటి పొలాల మధ్య ఉంటే ఆ కిరాయి వస్తుందా? ఇంటి ధరలో పెద్ద భాగం ఇంటి బయట ఉంటుంది. రోడ్డు, బస్సు, బడి, ఆస్పత్రి, వీధి దీపం - ఇవి అతను కట్టినవి కావు. గండిపేట చెరువు 1920లో నిండింది. తరువాత మంజీరా నీళ్లు వచ్చాయి, కృష్ణ వచ్చింది, గోదావరి వచ్చింది. పైపులు వేసింది అందరి పన్నులతో. ఆ పన్నులో మా రూపాయి ఉంది. అందరి సొమ్ముతో విలువ పెరిగిన చోటును "నా ఇష్టం" అన్న ఒక్క మాటతో కొందరికి మూసేయడం సొంత ఆస్తిని కాపాడుకోవడం కాదు. తనది కాని దానిమీద కూడా పెత్తనం చేయడం. ఇల్లు ఒకరిది కావచ్చు. వాడ ఎవరి పేరనా రిజిస్టరు కాలేదు.

ఒక్క మాలిక్ ఇవ్వకపోతే ఏం, పక్క వీధిలో చూసుకోవచ్చు కదా అంటారు. ఒక్కడే అయితే నిజమే. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1917లో అమెరికా, ఇంగ్లండు చదువులు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. ఉండడానికి చోటు దొరక్క పారశీక పేరుతో ఒక పార్శీ సత్రంలో దిగారు. సంగతి తెలిసి పదకొండో రోజున కర్రలు పట్టుకుని వచ్చి ఆయన్ని వెళ్లగొట్టారు. ఒక హిందూ మిత్రుడినీ, ఒక క్రైస్తవ మిత్రుడినీ ఆశ్రయం అడిగారు. ఇద్దరూ ఏదో ఒక కారణం చెప్పారు. ఆయన ఆ ఊరు విడిచి బొంబాయి వెళ్లిపోయారు. ఆ ఇద్దరూ విడివిడిగా చూస్తే దుర్మార్గులు కాకపోవచ్చు. ఒక్కొక్కరు తమ ఇంటి గురించే నిర్ణయించుకున్నామనుకున్నారు. అన్ని నిర్ణయాలూ కలిసి ఒక మనిషిని ఊరి నుంచి తీసేశాయి. విడివిడి ఇష్టాలు ఒకే దిక్కుకు తిరిగినప్పుడు వాటికి చట్టానికి ఉన్నంత బలం వస్తుంది. చట్టాన్ని కోర్టులో నిలదీయొచ్చు. వీటిని ఎక్కడ నిలదీయాలి?

మన రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల విషయంలో మతం, కులం చూసి ఎవరినీ ఆపకూడదంది. అద్దె ఇల్లు ఆ జాబితాలో లేదు. దుకాణం అన్న మాటను విశాలంగా చదవాలని సుప్రీంకోర్టు 2011లో ఒక వైద్య కళాశాల కేసులో చెప్పింది. ఆ విశాలత మా ఇంటి వెతుకులాట దాకా ఇంకా రాలేదు. దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు 19వ అధికరణంలో ప్రాథమిక హక్కుగా ఉంది. ఆస్తి హక్కును 1978లో 44వ సవరణ ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది. అంటే కాగితం మీద నివాసం ఆస్తికంటే పెద్దది. కానీ ఆచరణలో ఆ నివాస హక్కు మాలిక్ దాకా రాదు. కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టం తెచ్చింది. ఇంటి అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించకూడదని అందులో ఉంది. మతం, కులం చూసి నిరాకరించకూడదన్న ముక్క మాత్రం లేదు. అడ్వాన్సు అడిగేదాకా చేరని వాళ్ల గురించి ఆ చట్టం ఆలోచించలేదు.

అమెరికాలో నల్లవాళ్లకు ఇల్లు అమ్మకూడదని వీధి వీధంతా ఒప్పందాలు రాసుకునే రోజులుండేవి. సెయింట్ లూయిస్ నగరంలో షెల్లీ అనే నల్లజాతి కుటుంబం 1945లో అలాంటి వీధిలో ఇల్లు కొన్నది. కేసు సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1948లో కోర్టు చెప్పింది: మీలో మీరు ఏమైనా రాసుకోండి, దాన్ని అమలు చేయడానికి కోర్టు చేయి ఇవ్వదు. ఇరవై ఏళ్ల తరువాత, 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. యజమాని తానూ ఉంటూ నాలుగు పోర్షన్లకు మించని ఇంటికి అందులో మినహాయింపు ఇచ్చారు. అయితే ఆ ఇంటికి కూడా ఫలానా వాళ్లు వద్దని ప్రకటన ఇవ్వకూడదన్నారు. చట్టం రాగానే అక్కడి వాడలు కలిసిపోలేదు. కానీ గడపకూ వీధికీ మధ్య గీత గీయడం సాధ్యమేనని అది చూపించింది. మేం అడిగేది కూడా ఆ గీతనే.

ఇప్పుడు ఎదురు ప్రశ్న. "మీరూ మీ వాళ్ల మధ్యే ఉంటారు కదా? టోలీచౌకీ, మెహదీపట్నం, పాతబస్తీ - మీరు కోరుకున్నవే కదా?" ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పాలి. కోరిక ఉంది. అజా వినిపించే చోట, హలాల్ దుకాణం దగ్గర, పిల్లలకు ఉర్దూ చెప్పే మౌల్వీ సాబ్ నడిచి వచ్చే దూరంలో ఉండాలని మా అమ్మలకు ఉంటుంది. అందులో దోషం లేదు. గల్ఫ్ వెళ్లినవాళ్లు పంపిన డబ్బుతో టోలీచౌకీలో ఇళ్లు లేచాయి. కానీ 1990 డిసెంబరు మారణకాండ తరువాత పాతబస్తీ నుంచి తరలిన కుటుంబాలను కోరిక తరలించలేదు. అప్పుడు మూసీ దాటి వెళ్లిన హిందూ కుటుంబాలనూ కోరిక తరలించలేదు. భయం ఇద్దరినీ చెరో దిక్కుకు తోలింది. వద్దనే వీలున్నప్పుడు ఎంచుకున్నదే ఎంపిక. నాలుగు తలుపులు మూసి, తెరిచి ఉన్న ఐదో తలుపులోంచి వెళ్లినవాణ్ణి చూపించి అతని ఇష్టం అనడం న్యాయం కాదు.

ఆ ఐదో తలుపు వెల కూడా ఎక్కువ. వెళ్లడానికి వేరే చోటు లేదని తెలిసిన మాలిక్, మావాడైనా సరే, కిరాయి పెంచుతాడు. ముస్లింలు ఎక్కువగా ఉన్న చోట్లను కొన్ని బ్యాంకులు అప్పులివ్వకూడని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకుంటున్న సంగతి సచార్ కమిటీ రాసింది. మనిషిని వాడలోకి నెట్టి, ఆ వాడ చిరునామా చూసి మళ్లీ శిక్షిస్తారు. చోటు చాలక చెరువుల అంచుల దాకా కాలనీలు పాకాయి. 2020 అక్టోబరు వరదల్లో షాహతం చెరువు పక్కనున్న టోలీచౌకీ నదీం కాలనీ రోజుల తరబడి నీళ్లలో నానింది. చెరువులోకి ఇళ్లెందుకు కట్టుకున్నారని అందరూ అడిగారు. గట్టు మీద ఇల్లు ఎందరికి దొరికిందో కూడా అడగాలి.

ఇదే కొలతతో మమ్మల్ని మేం కొలుచుకోకపోతే ఈ వాదనకు విలువ లేదు. మా మొహల్లాల్లో "ఖాందాన్ ఏది?" అని అడిగే మాలికులున్నారు. సయ్యద్, షేక్ ఇళ్లలో దూదేకుల కుటుంబానికి, మెహతర్ కుటుంబానికి ఎలాంటి జవాబు వస్తుందో వాళ్లనే అడగండి. దళితుడికి ఇల్లివ్వని ముస్లిం మాలిక్, ఒంటరి ఆడమనిషికి ఇవ్వని మాలిక్, ఆఫ్రికా విద్యార్థి దగ్గర రెట్టింపు గుంజే మాలిక్ మాలోనూ ఉన్నారు. తమకు జరిగినదాన్నే ఇంకొకరికి చేస్తున్నప్పుడు వాళ్లు చెప్పే మాట కూడా అదే: "ఇల్లు నాది."

మా ఫిఖ్‌లో షుఫా అనే హక్కు ఉంది. పక్కింటివాడు ఇల్లు అమ్ముతుంటే కొనుక్కునే మొదటి హక్కు పొరుగువాడిది, హనఫీ పద్ధతిలో. కొత్తవాడి వల్ల పొరుగుకు ఇబ్బంది రాకూడదన్న ఆలోచన అది. బ్రిటిష్ కాలం నుంచి మన కోర్టులూ చాలాచోట్ల దీన్ని పాటించాయి. 1962లో భావురామ్ కేసులో సుప్రీంకోర్టు, పొరుగు అన్న ఒక్క కారణంతో ఈ హక్కు చెల్లదంది. ఒక కులం, ఒక తెగ ఒక్కచోట ఉండి కొత్తవాళ్లను రానీయకుండా చూసుకునే కాలపు ఆచారం ఇదని, సమానత్వం చెప్పే రాజ్యాంగంలో దీనికి చోటు లేదని వివరించింది. ఆ తీర్పును మేం మా మీద దాడిగా చూడనక్కర్లేదు. అదే తర్కాన్ని ఇప్పుడు మా తరఫున అడగొచ్చు. కొత్తవాణ్ణి ఆపే హక్కు ముస్లిం పొరుగుకు లేదన్న దేశం, ఆ హక్కును కాలనీ సంఘాలకు ఎలా ఇస్తుంది?

ఇచ్చింది కూడా. అహ్మదాబాదులో ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ తమవాళ్లకు తప్ప సభ్యత్వం ఇవ్వనన్న నియమం పెట్టుకుంటే, 2005లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సంఘంగా ఏర్పడే స్వేచ్ఛ అంది. పార్శీలు వేళ్ల మీద లెక్కపెట్టేంత తగ్గిపోతున్న జనం. మిగిలిన నాలుగు కుటుంబాలు దగ్గరగా ఉండాలనుకోవడం మాకు అర్థమవుతుంది. కానీ అదే నియమం మెజారిటీ చేతిలో పడితే? చిన్న సమూహానికి అది గొడుగు, పెద్ద సమూహానికి అది ప్రహరీ గోడ. అదే గుజరాత్‌లో కల్లోలిత ప్రాంతాల చట్టం 1986లో వచ్చి, 1991లో కొత్త రూపం తీసుకుంది. అల్లర్ల భయంతో కారుచౌకగా ఇళ్లు అమ్ముకోకుండా ఆపడం దాని ఉద్దేశం. ఆ ప్రాంతాల్లో కలెక్టరు అనుమతి లేకుండా ఇల్లు చేతులు మారదు. ఆపద నుంచి కాపాడడానికి వచ్చిన చట్టం, హిందువు ముస్లింకు ఇల్లు అమ్మడాన్ని అనుమతి అడగాల్సిన పని చేసింది. ఉద్దేశం మంచిదైనా సరే, ఎవరు ఎవరి పక్కన ఉండాలో పైనుంచి తేల్చే అధికారం ఎవరి చేతిలోనూ భద్రం కాదు.

ఉర్దూలో పొరుగువాడిని హమ్‌సాయా అంటాం. ఒకే నీడ పంచుకునేవాడు అని అర్థం. ఒకే మతం అని కాదు. ప్రవక్త సహచరుల్లో ఒకరు ఇంట్లో మేకను కోసినప్పుడు, మన యూదు పొరుగింటికి పంపారా అని మళ్లీ మళ్లీ అడిగినట్టు హదీసు గ్రంథాల్లో ఉంది. ఇల్లు చూసుకునే ముందు పొరుగు చూసుకో అని అరబ్బుల సామెత. దాన్ని మావాళ్లు మంచి పొరుగును వెతుక్కోవడానికి వాడుకుంటారు. మంచి పొరుగుగా ఉండడానికి ఎంతమంది వాడుతున్నారు?

భాషలో ఇంకొక తేడా కూడా ఉంది. ఉర్దూలో హమ్ ఒక్కటే మాట. తెలుగులో మేం వేరు, మనం వేరు. ఎదుటివాణ్ణి కలుపుకుంటే మనం, బయట పెడితే మేం. ఈ వ్యాసమంతా మేం అని రాయాల్సి వచ్చింది. అది మాకు ఇష్టమై రాసింది కాదు. మనం అన్న మాట సభల్లో, పండుగ శుభాకాంక్షల్లో, ఇఫ్తార్ విందుల్లో పుట్టదు. ఒకే మెట్ల మీద ఎక్కి దిగేచోట, ఒకే బోరు నీళ్లకు పోట్లాడుకునేచోట, పిల్లవాడికి జ్వరమొస్తే అర్ధరాత్రి తలుపు కొట్టగలిగేచోట పుడుతుంది. ఇళ్లు వేరయ్యాక లౌకికవాదం ఉపన్యాసంగా మాత్రమే మిగులుతుంది. పక్కింటివాణ్ణి ఎన్నడూ చూడని పిల్లవాడికి వాడి గురించి ఏం చెప్పినా నమ్ముతాడు. మా పిల్లలకైనా, మీ పిల్లలకైనా అంతే.

అందుకే మేం అడిగేవి కొన్నే. అద్దె చట్టాల్లో, సొసైటీల బైలాల్లో కులం, మతం చూసి నిరాకరించరాదన్న నియమం చేర్చాలి. యజమాని తాను వండుకు తినే ఇంటిని వదిలేయండి, అపార్టుమెంట్లనూ కాలనీలనూ వదలకండి. చట్టం వచ్చేదాకా చేతిలో ఇల్లున్న సెక్యులర్ మిత్రులు, చేతిలో ఇల్లున్న మావాళ్లు, ఎవరికి వాళ్లు ఒక పని చేయొచ్చు. ఈసారి పోర్షన్ ఖాళీ అయినప్పుడు వచ్చినవాళ్లతో కిరాయి మాట్లాడండి, తారీఖు మాట్లాడండి, నీళ్ల సంగతి మాట్లాడండి. అన్నీ కుదిరాక పేరు అడగండి, రసీదు మీద రాయడానికి.